ముందు తలుపు చూపించండి

జూలై 7, 2025, సోమవారం

ఈసారి ఆఫీసు ఔటింగ్ నా నెత్తిన పడింది. రిసార్టు మాత్రం వద్దని అందరిదీ ఒకటే మాట. పోయినేడు షామీర్‌పేట అవతలికి వెళ్తే సగం మంది స్విమ్మింగ్ పూల్ గట్టున కూర్చుని ఫోన్లు చూసుకున్నారు, మిగతా సగం బఫే ఎప్పుడు తెరుస్తారా అని కాచుకున్నారు. మధ్యాహ్నం డిజైన్ సెక్షన్‌లో కొత్తగా చేరిన పిల్ల 'ఎస్కేప్ రూమ్' అంది. మేనేజరుగారు అక్కడికక్కడే సరేనన్నారు.

అకౌంట్స్ పెద్దాయనకి అదేమిటో చెప్పాల్సొచ్చింది. గదిలోకి పంపి తలుపేస్తారండీ, అక్కడి ఆధారాలు వెతుక్కుని, తాళాలు విప్పుకుని, గంటలోపల బయటపడాలి అన్నాను. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "లక్క ఇల్లన్నమాట" అన్నారు. "విదురుడు నలుగురిలో మర్మంగా చెప్పిన మాట ధర్మరాజుకి అర్థమైంది కాబట్టి బతికారు. మన విదురుడెవరు?"

గేమ్ మాస్టరని ఒకడుంటాడు, కెమెరాలో చూస్తూ మనం ఇరుక్కున్నప్పుడు హింట్ ఇస్తాడు అన్నాం.

"తెలుగు వచ్చా అతనికి? ఇంకోటమ్మాయ్. విదురుడు మాట చెప్పి ఊరుకోలేదు, సొరంగం తవ్వే మనిషిని కూడా పంపాడు. అది మర్చిపోకు."

అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ రెండు మాటలూ రాసుకున్నాను.

జూలై 9, బుధవారం

మొత్తం పద్నాలుగు మందిమి. ఒకావిడకి అయిదో నెల. ఒకతను ఒంటరిగా లిఫ్టు ఎక్కడు, మెట్లే. డ్రైవరన్నకీ అటెండరుకీ ఇంగ్లీషు చదవడం రాదు. పెద్దాయనకి మోకాళ్ల నొప్పులు. ఎవరినీ వదిలేసి వెళ్లే ప్రసక్తి లేదు, వదిలేస్తే అది ఔటింగే కాదు.

తేదీ దగ్గరే సగం పూట గడిచింది. పదమూడున లష్కర్ బోనాలు, ఇరవైన లాల్‌దర్వాజా బోనాలు. అటెండరు ఇల్లు లాల్‌దర్వాజాలోనే, ఆ వారమంతా చుట్టాలతో నిండిపోతుంది. 26 శనివారం మధ్యాహ్నం ఖాయం చేశాం. లక్డీకాపూల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే రాయదుర్గం దాకా సాఫీగా పోవచ్చు. శనివారం సాయంత్రం ఆ వైపు కార్లేసుకుని వెళ్లే ఓపిక నాకు లేదు.

ఫోన్లు మొదలుపెట్టాను. తలకి ఏడొందల నుంచి వెయ్యి పైదాకా చెబుతున్నారు. అందరూ ముందు చెప్పేది గది కథ: పిచ్చాసుపత్రి, దెయ్యాల బంగళా, సీరియల్ కిల్లర్ నేలమాళిగ. ఆ వెంటనే, "వందలో పది మంది కూడా బయటపడలేదు మేడమ్" అని గొప్ప. బయటపడలేకపోతే ఆ లోపం గది తయారుచేసినవాడిది కూడా కావచ్చని వాళ్లకి తోచదు కాబోలు. "అత్యవసరమైతే తలుపెలా తెరుచుకుంటుంది?" అని అడిగితే మాత్రం చాలామంది గొంతు మారుతోంది.

జూలై 12, శనివారం

ఒకచోటికి స్వయంగా వెళ్లాను. డ్రైవరన్న తోడొచ్చాడు. బయట బోర్డు బ్రహ్మాండంగా ఉంది. రిసెప్షన్‌లో గోడ నిండా 'మేం తప్పించుకున్నాం' అనే అట్టలు పట్టుకున్న జట్ల ఫొటోలు.

ఖాళీగా ఉన్న గది చూపించారు. బల్ల మీది పెట్టెకి నాలుగంకెల తాళం. చేతిలోకి తీసుకుంటే నవ్వొచ్చింది. ప్రతి చక్రం మీదా ఒక్కో అంకె దగ్గర మాత్రమే రంగు అరిగిపోయి లోపలి ఇత్తడి మెరుస్తోంది. 4, 1, 7, 9. తిప్పాను, తెరుచుకుంది. పజిల్ చదవాల్సిన పనే లేదు. ఎన్ని నెలలుగా అదే అంకె, అదే తాళం! అతినీలలోహిత టార్చి వేస్తే గోడ మీద కనబడాల్సిన రాత మామూలు ట్యూబులైటు కిందే మసగ్గా కనబడుతోంది.

అదైనా సర్దుకోవచ్చు. డ్రైవరన్న తలుపు పట్టుకుని చూస్తూ, "లోపలేసి తాళం పెడ్తరా? కరెంటు పోతే ఎట్ల?" అన్నాడు. కౌంటర్ కుర్రాడు, "ఇప్పటిదాకా ఏం కాలేదన్నా" అన్నాడు. వెనక ద్వారం చూపించమంటే తీసుకెళ్లాడు. దానికి అడ్డంగా విరిగిన కుర్చీలు, నీళ్ల సీసాల పెట్టెలు. అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చేశాం.

రాత్రి నిద్ర పట్టక పాత వార్తలు చదివాను. 2019 జనవరి 4న పోలండ్‌లోని కొషాలిన్‌లో పుట్టినరోజు చేసుకోవడానికి ఎస్కేప్ రూమ్‌కి వెళ్లిన అయిదుగురు పదిహేనేళ్ల ఆడపిల్లలు చనిపోయారు. వేడి కోసం పెట్టిన గ్యాస్ హీటరు నుంచి గ్యాస్ లీకై మంటలు లేచాయి. పిల్లల్ని చంపింది మంట కాదు, కార్బన్ మోనాక్సైడ్. బయటపడే దారి లేదు. ఆ తర్వాత దేశమంతా తనిఖీలు చేసి ఎన్నో గదులు మూయించారు. మన దగ్గర రాజ్‌కోట్ గేమ్ జోన్, 2024 మే 25: వెల్డింగ్ నిప్పురవ్వలు, లోపల నిల్వ పెట్టిన ఇంధనం, అగ్నిమాపక శాఖ ఎన్ఓసీ లేదు. పిల్లలతో సహా పాతిక మందికి పైగా పోయారు. అంత దూరమెందుకు, 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు పొగకే ఊపిరాడక పోయారు, అందరూ పాతికేళ్లు అటూ ఇటూ ఉన్న పిల్లలు. పెద్దాయన బస్సు రోజూ ఆ బిల్డింగ్ ముందు నుంచే వస్తుంది.

జూలై 15, మంగళవారం

కొండాపూర్ వైపు ఇంకోచోటు. నడిపేది ఒకావిడ. "ముందు తలుపు చూపించండి" అన్నాను. ఆవిడ విసుక్కోలేదు సరికదా, ఇన్నాళ్లకి ఒకరు అడిగారన్నట్టు లేచి వచ్చారు.

తలుపు పైన చట్రానికి విద్యుదయస్కాంతం, తలుపుకి ఇనప పలక. కరెంటు ఉన్నంతసేపే ఆ పట్టు. సరఫరా ఆగితే తలుపు దానంతటదే వదులుతుంది, తాళం బిగుసుకోవడమనేది ఉండదు. లోపల గోడకి ఆకుపచ్చ మీట, నొక్కితే అదే పని. చూపించమన్నాను. స్విచ్ ఆపించారు. టక్కుమని చప్పుడు, తలుపు అరంగుళం కదిలి ఆగింది. వేలితో తోశాను, వచ్చేసింది. రెండో ద్వారం మెట్ల వైపు. ముందు ఏ అడ్డూ లేదు.

గేమ్ మాస్టర్ కరీంనగర్ అబ్బాయి. హింట్లు వాకీటాకీలో తెలుగులోనే చెబుతాడట. మొదటి మూడు ఉచితం, ఆ తర్వాత ప్రతి హింటుకీ రెండు నిమిషాలు కోత. ఇంగ్లీషు మాటలతో ఆడే పజిళ్లు ఏ గదిలో ఎక్కువున్నాయని అడిగితే దాచకుండా చెప్పాడు: డిటెక్టివ్ గదిలో. దాన్ని వదిలేశాం. పాత బంగళా లైబ్రరీ, బ్యాంకు దోపిడీ, రైలు పెట్టె. ఈ మూడింట్లో అంకెలు, ఆకారాలు, వస్తువులే ఎక్కువ. రైలు పెట్టెలో పాకడం, వంగడం లేవు, కూర్చోడానికి బెర్తులున్నాయి. అయిదో నెల ఆవిడ అందులోకి.

జూలై 18, శుక్రవారం

మేనేజరుగారితో వాదన. ఆయనకి అందరం ఒకే గదిలో ఉండాలి, అది దెయ్యాల గదే కావాలి. "టీమ్ అంటే అందరూ కలిసే కదా!"

ఒక గదిలో ఎనిమిది మందిని పెడితే నలుగురు ఆడతారు, నలుగురు గోడకి ఆనుకుని నిలబడతారు. నిలబడేది ఎప్పుడూ అటెండరూ డ్రైవరే. తాళం ఒకటి, దాని చుట్టూ ఎనిమిది తలలు. అయిదుగురు దాటితే ఆట పోతుందన్నది నా గట్టి నమ్మకం. ఇక దెయ్యాల గదిలో చీకట్లో ఒకడు వచ్చి మీద పడితే అరుస్తాం, ఆలోచించం. అరవడానికి ఇంత డబ్బెందుకు, ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ ఎక్కితే చాలు. ఎస్కేప్ రూమ్ ఆట 2007లో జపాన్‌లోని క్యోటోలో పుట్టింది. 'స్క్రాప్' అనే ఉచిత పత్రిక నడిపే తకావో కాటో, కంప్యూటర్ తెర మీద ఒక్కడే కూర్చుని ఆడుకునే తప్పించుకునే ఆటని నిజం మనుషుల మధ్యకి తెచ్చాడు. అందులో భయం ముఖ్యం కాదు, పక్కవాడికి తట్టింది మనకి తట్టకపోవడమే ముఖ్యం. ఇదంతా చెప్పాను. చివరికి గెలిచింది మాత్రం ఈ వాదన కాదు, మూడు గదులూ కలిపి తీసుకుంటే వాళ్లిచ్చే డిస్కౌంటు.

జట్లు నేనే వేశాను: అయిదు, అయిదు, నాలుగు. ఏ సెక్షన్ వాళ్లనీ ఒకేచోట ఉంచలేదు. డ్రైవరన్న, పెద్దాయన, డిజైన్ పిల్ల నాతో లైబ్రరీలోకి. లిఫ్టెక్కని అతనూ మాతోనే. ఆకుపచ్చ మీట పక్కనే ఉంటానని షరతు పెట్టాడు.

జూలై 26, శనివారం

ఫోన్లు లాకర్‌లో పెట్టించుకున్నారు. అదొక్కటి చాలు, ఇచ్చిన డబ్బు సగం గిట్టినట్టే.

మా గదిలో పాత చెక్క రేడియో ఒకటి. ఉత్తరంలో దొరికిన అంకె దగ్గర ముల్లు పెట్టాలి. డిజైన్ పిల్ల ఆ మరని బటనులా లోపలికి నొక్కుతూ కూర్చుంది. తిప్పాలని తెలియదు పాపం, ఇరవై మూడేళ్ల పిల్ల. పెద్దాయన కుర్చీ దగ్గరికి లాక్కుని, బ్యాండు మార్చి, రెండు వేళ్లతో మర తిప్పారు. తిప్పుతూనే, "738 దగ్గర మా హైదరాబాద్-ఏ ఉండేది" అన్నారు. ముల్లు చేరగానే బీరువా తలుపు తెరుచుకుంది. లోపలి పటంలో దారుల చిక్కు విప్పింది డ్రైవరన్న. మేం ఇంకా బాణం గుర్తులు లెక్కపెడుతుంటే, "అది వన్‌వే మేడమ్, ఇట్ల తిరిగి రావాలె" అని చూపించేశాడు. లిఫ్టెక్కని అతను ఎప్పుడో మీట దగ్గర్నుంచి కదిలి బల్ల కింద వెతుకుతున్నాడు. ఆరు నిమిషాలు మిగిలుండగా బయటికొచ్చాం.

రైలు పెట్టె వాళ్లు ఆఖరి నిమిషంలో వచ్చారు. బ్యాంకు వాళ్లు రాలేదు. అందులో మేనేజరుగారున్నారు. అటెండరు రెండుసార్లు చెప్పిన అంకెని ఆయన వినిపించుకోలేదని వాళ్ల జట్టు కథనం. ఆయన కథనం వేరు.

అందరూ బిర్యానీకి తొందరపెడుతుంటే పెద్దాయన కౌంటర్ దగ్గరే ఆగారు. దసరా సెలవులకి మనవలొస్తారట. వారం మధ్యలో అయితే తలకి రెండొందలు తక్కువట, పదేళ్లలోపు పిల్లలతో పెద్దవాళ్లొకరు లోపలికి వెళ్లాలట. ఆ పెద్ద తనేనని చెప్పి అడ్వాన్సు కట్టేశారు.