వల ఒక్కచోటే వేస్తే

చివరి నమూనా కూడా పేర్చేసి, చెక్క ఘనాలను డబ్బాలో పెట్టకుండా గుప్పిట్లోనే పట్టుకుని, "ఇంకోటుందా మేడం?" అన్నాడు ఆ అబ్బాయి.

లేదు. నా దగ్గరున్న కార్డులు అయిపోయాయి. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు తెలివితేటల పరీక్షలు పెడుతున్నాను. ఆ మాట అడిగిన పిల్లలను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. చాలామంది సగం నమూనాలు దాటగానే "ఇది రాదు" అని చేతులు ఒళ్లోకి తీసేసుకుంటారు. అడిగినవాడి ఎఫ్.ఏ. (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కుల కాగితం ఆ పక్కనే ఉంది. తెలుగులో 50కి 16, సోషల్‌లో 14, లెక్కల్లో 19.

నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే దారిలో, ఇందుకూరుపేట మండలం సముద్రపు ఒడ్డున ఒక పాలెం వాళ్లది. ఏడో తరగతి. తండ్రి వేటకు పోతాడు, తల్లి చేపల గంప ఎత్తుకుని ఊళ్లు తిరుగుతుంది. నన్ను పిలిపించింది బడి హెడ్మాస్టరు గారు. "వీడికి తెలివుందో లేదో తేల్చి చెప్పండి మేడం, అంతకుమించి నాకేం వద్దు" అన్నారు. తల్లి మాత్రం ముందే తేల్చేసింది. "తెలివికేం తక్కువ లేదు మేడం. ఒళ్లు వంచడు. బద్ధకం."

ఈ మాట నేను నెల్లూరు టౌన్లో డాక్టర్ల పిల్లల గురించి విన్నాను, కృష్ణపట్నం పోర్టులో లారీలు తోలేవాళ్ల పిల్లల గురించీ విన్నాను. కానీ ఇన్నేళ్లలో ఏ రిపోర్టులోనూ బద్ధకం అని రాయలేకపోయాను. తవ్విన ప్రతిసారీ దాని అడుగున ఇంకేదో ఉండింది.

తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో సైకాలజీ ఎం.ఏ. చదివి, సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలో పని నేర్చుకున్నాను. అక్కడ మేం వెతికింది వెనకబడిన పిల్లల కోసం. అసలు ఈ పరీక్షలు పుట్టిందే అందుకు. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, సిమోన్ కలిసి మొదటి పరీక్ష తయారుచేసింది బడిలో ఎవరికి సాయం కావాలో తెలుసుకోవడానికే. పిల్లవాడి తెలివి మారని సరుకు అన్న మాటను బినేయే గట్టిగా కాదన్నాడు. మనవాళ్లు ఆ సంగతి వదిలేసి అంకె ఒక్కటే పట్టుకున్నారు. తెలివైన పిల్లవాడికి కూడా సాయం కావాల్సి రావచ్చన్న ఆలోచన ఇప్పటికీ మన బళ్లలో పెద్దగా లేదు.

ఆ అబ్బాయికి నేను పెట్టింది మాలిన్ పరీక్ష. వెక్స్‌లర్ పరీక్షను మన దేశపు పిల్లలకు తగ్గట్టు 1969లో నాగపూర్‌లో మాలిన్ మలిచింది. అందులో మాటలతో జవాబు చెప్పే భాగాలు ఆరు, చేతులతో చేసేవి ఐదు. మాటల భాగంలో వాడికి 92 వచ్చింది. చేతల భాగంలో 128. రెంటి సగటు 110.

హెడ్మాస్టరు గారు ఆ 110 చూసి కాగితం మడిచేశారు. "అంటే మామూలోడే కదా మేడం."

ఆయన చేతిలోంచి కాగితం తీసుకుని మళ్లీ విప్పాను. ఈ పరీక్షల్లో 100 అంటే నూటికి నూరు కాదు, నడిమి గీత. ఒక ఈడు పిల్లలు వంద మందిని నిలబెడితే 68 మంది 85కీ 115కీ మధ్యన ఉంటారు. 130 పైన ఉండేది ఇద్దరే. అంటే చేతల లెక్కన ఈ పిల్లవాడు ఆ వందలో ముందు నిలిచే ముగ్గురు నలుగురిలో ఒకడు, మాటల లెక్కన నడిమి గీతకు కాస్త కింద. ఈ రెంటినీ కలిపి 110 అంటే, ఒక కాలు వేడినీళ్లలో ఇంకో కాలు చన్నీళ్లలో పెట్టినవాడితో నీకు గోరువెచ్చగా ఉందిలే అన్నట్టు. సగటు చెప్పే పిల్లవాడు ఆ ఊళ్లో లేడు. రెండు భాగాలకూ ఇంత తేడా ఉన్నప్పుడు నేను సగటును రిపోర్టు మొదట్లో రాయను. ఆ తేడా ఎందుకొచ్చిందో రాస్తాను. ఇంకో సంగతి కూడా ఆయనకు చెప్పాను. ఈ పరీక్ష కొలతలు అరవైల నాటి పిల్లల మీద కట్టినవి. తరాలు మారేకొద్దీ పిల్లలు ఇలాంటి పరీక్షల్లో మెరుగవుతున్నారని జేమ్స్ ఫ్లిన్ 1980లలో చూపించాడు. పాత కొలబద్దతో కొలిస్తే అంకె కాస్త పెద్దదిగా కనబడుతుంది. అందుకని 128 అంటే 128 అని పట్టుకుని కూర్చోకూడదు.

మాటల భాగం ఎందుకు పడిపోయింది? సమాధానం నా చెవులకే వినబడింది. ప్రశ్న అడిగాక వాడు లోపల్లోపల ఏదో అనుకుని, తర్వాత తెలుగులో చెబుతున్నాడు. ఆ పాలెంలో ఇంటి భాష తెలుగు కాదు, పట్టపు భాష. తమిళం ఛాయలున్న మాట అది. నెల్లూరు, ప్రకాశం తీరంలో పట్టపు కుటుంబాలు తరాలుగా ఇళ్లలో అదే మాట్లాడుకుంటాయి. దానికి బడి లేదు, పుస్తకం లేదు. వాడి పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. వాడు అమ్మతో మాట్లాడే మాట ఏ పేజీలోనూ లేదు. నేను కొలిచింది వాడి తెలివినా, తెలుగునా? నిజాయితీగా చెప్పాలంటే రెండూ కలిసిపోయిన ముద్దను.

అనుమానం తీరడానికి రేవెన్ పరీక్ష పెట్టాను. 1938 నాటిది. మాటతో పనిలేదు. ఒక అల్లికలో ముక్క లోపించి ఉంటుంది, సరిపోయే ముక్కను చూపించాలి. 95వ పర్సెంటైల్ వచ్చింది. తెలుగు సారు దాన్ని నూటికి 95 మార్కులనుకుని చప్పట్లు కొట్టబోయారు. పర్సెంటైల్ అంటే మార్కులు కావనీ, వాడి ఈడు వంద మందిలో 95 మంది వాడి వెనక ఉన్నారని అర్థమనీ చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఇన్నాళ్లూ ఆఖరి బెంచీలో కూర్చోబెట్టాను" అన్నారు. ఆ మాట అన్నందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

చేతల భాగంలోనూ ఒకటి పడిపోయింది. గుర్తులు చూసి గబగబా రాసేది. వాడి చెయ్యి నెమ్మది, అక్షరం అక్షరం చెక్కుతాడు. తలలో లెక్క అయిపోయిన పది నిమిషాలకు కాగితం మీదికొస్తుంది, ఈలోగా గంట కొడతారు. మార్కులు తక్కువ రావడానికి ఇదొక కారణం. కానీ 14 రావడానికి ఇది చాలదు. ఇంకేదో ఉంది. పరీక్షలు ఆగిపోయే చోటు అదే. ఏం చేయగలడో అవి చెబుతాయి. ఎందుకు చేయాలని వాడికి అనిపించడం లేదో ఏ కార్డూ చెప్పదు.

దానికోసం మే నెలలో మళ్లీ వెళ్లాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లు ఒడ్డున పడుకుని ఉన్నాయి. తండ్రి ఆ రెండు నెలలూ రొయ్యల గుంటల దగ్గర కాపలాకు కుదిరాడు, పిల్లవాడూ వెంట ఉన్నాడు. గట్టు మీద కూర్చుని వాడు చేసే పని చూశాను. సూపర్‌వైజరు విసురువల వేసి పట్టిన రొయ్యలను తూకం వేశాడు. కిలోకు 80, దాన్నే కౌంటు అంటారు. కాగితం కోసం జేబు తడుముకునేలోపే వీడు లెక్క చెప్పేశాడు. లక్ష పిల్ల వేశారు, 80 వేలు బతికుంటాయనుకుంటే గుంటలో వెయ్యి కిలోలు, నూటికి మూడు చొప్పున మేత 30 కిలోలు. ఆ తర్వాత సూపర్‌వైజరుతో వాదనకు దిగాడు. "వల గట్టు దగ్గరే వేస్తే ఎట్టా అన్నా? నడిమధ్యన ఉండేవి వేరే సైజు. ఒక్కచోట వేసి గుంటంతా అదే కౌంటంటే మేత తప్పిపోద్ది."

ఆ పూట నేను రిపోర్టులో ఒక వాక్యం మార్చుకున్నాను. నేనూ ఒక మధ్యాహ్నం, ఒక గదిలో, ఒకే భాషలో వల వేసి వాడి కౌంటు చెప్పినదాన్నే.

ఎండకు తల దాచుకోవడానికి రేకుల షెడ్డులో కూర్చున్నప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది. అయిదో తరగతిలో, అప్పుడు చదివిన బడిలో, లెక్కల పరీక్షలో జవాబులన్నీ ఒప్పు, స్టెప్పులు లేవు. కాపీ కొట్టావని అందరి ముందూ నిలబెట్టి పేపరు చింపారట. "రాసినా కొట్టావంటారు, రాయకపోయినా మార్కులు రావు. రాయకపోతే సులువు గదా మేడం" అన్నాడు. పన్నెండేళ్ల పిల్లవాడు తన గౌరవం కాపాడుకోవడానికి కట్టుకున్న గట్టు అది. దాన్నే అందరం బద్ధకం అంటున్నాం.

మార్కులకు అందని తెలివి మాటొస్తే నాకు ఒక పాత సంగతి గుర్తొస్తుంది. 1910 చివర్లో మన నెల్లూరు కలెక్టరుగా ఆర్. రామచంద్రరావు ఉండేవారు. చంకలో నోటు పుస్తకం పెట్టుకుని ఒక యువకుడు ఆయన దగ్గరికొచ్చాడు. కుంభకోణం కాలేజీలో స్కాలర్‌షిప్పు పోగొట్టుకున్నవాడు, మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరి కూడా ఎఫ్.ఏ. (ఫస్ట్ ఆర్ట్స్, అప్పటి ఇంటర్) పరీక్ష 1906లోనూ 1907లోనూ తప్పినవాడు. శ్రీనివాస రామానుజన్. కలెక్టరు గారికి లెక్కలంటే ప్రాణం. అయినా మొదటిసారి ఆ పుస్తకం అంతుపట్టలేదు. ఆయన మార్కుల పట్టీ అడిగి పంపేయలేదు. మళ్లీ రమ్మన్నారు, మళ్లీ విన్నారు. తేలికవాటి నుంచి మొదలుపెట్టి ఒక్కో మెట్టూ ఎక్కించనిచ్చారు. నమ్మకం కుదిరాక నెలకు 25 రూపాయలు తన డబ్బే ఇచ్చి మద్రాసు పంపారు. మరుసటి ఏడాదే రామానుజన్ మొదటి పరిశోధనా వ్యాసం అచ్చయింది. మా అబ్బాయి రామానుజన్ అని నేననడం లేదు. ఆ కలెక్టరు విన్న తీరు గురించి చెబుతున్నాను. పిల్లవాడు తన దారిలో చూపించేదాకా ఓపిక పట్టడం ఏ పరీక్ష కిట్టులోనూ దొరకదు.

ఈ ఓపిక నాకు మొదటి నుంచీ లేదు. వృత్తిలో అడుగుపెట్టిన కొత్తల్లో నెల్లూరు టౌన్ నుంచి తొమ్మిదేళ్ల పాపను తీసుకొచ్చారు. స్కోరు 138. సంతోషంలో ఆ అంకె పాప ఎదురుగానే తల్లికి చెప్పేశాను, నువ్వు చాలా తెలివైనదానివమ్మా అని తలకూడా నిమిరాను. రెండేళ్లకు మళ్లీ వచ్చారు. కష్టమైన లెక్క కనబడితే పాప పెన్ను మూసేస్తోంది. తప్పు చేస్తే తాను 138 కాదని తేలిపోతుందని భయం. 1998లో మ్యూలర్, కరోల్ డ్వెక్ అచ్చువేసిన ప్రయోగంలో ఇదే ఉంది. తెలివైనవాళ్లంటూ పొగడ్త అందుకున్న పిల్లలు ఆ తర్వాత సులువైన పనినే ఎంచుకున్నారు, ఒక ఓటమి ఎదురవగానే చతికిలబడ్డారు. బాగా కష్టపడ్డావని మెచ్చుకున్న పిల్లలు కష్టమైనదాన్ని కోరుకున్నారు. ఆ వ్యాసం నేను చదివింది పాప రెండోసారి వచ్చాక. అప్పట్నుంచీ పిల్లల ముందు అంకె చెప్పను. పెద్దవాళ్లకు చెప్పినా ఇంతకూ ఇంతకూ మధ్య అని హద్దులు చెబుతాను. ఆ పాప సంగతి గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

పాలెం అబ్బాయి తండ్రి "ఫస్టుమార్కొస్తే సెల్లు కొనిస్తా" అని కొడుక్కి చెబుతానన్నాడు. వద్దన్నాను. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ చిన్నపిల్లల మీద చూశారు. బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న పిల్లలకు వేస్తే బహుమతి ఇస్తామని ముందే ఆశపెడితే, తర్వాత ఖాళీ సమయంలో వాళ్లు బొమ్మలు వేయడమే తగ్గించేశారు. వీడికి లెక్కంటే ఇప్పటికే ఆకలి ఉంది. దానికి సెల్లు తగిలించాల్సిన పనిలేదు.

చేసింది చిన్నదే. లెక్కల సారు ఇరవై తేలిక లెక్కల బదులు నాలుగు గట్టివి ఇచ్చారు. ముందు నోటితో చెప్పనిచ్చి, సరేనన్న తర్వాతే రాయమన్నారు. సోషల్ పాఠాన్ని పక్క బెంచీ పట్టపు పిల్లవాడికి తమ మాటలో చెప్పి, ఆ తర్వాత తెలుగులో రాయడం. రాతకు అరగంట అదనం. ఎనిమిదో తరగతిలో మార్కులు మెల్లగా కదిలాయి, ఒక్కోసారి జారాయి కూడా.

కానీ నాకు బాధ మిగిల్చింది ఒకటుంది. ఎనిమిదో తరగతి పిల్లలకు పరీక్ష పెట్టి కేంద్రం ఇచ్చే ఎన్.ఎం.ఎం.ఎస్. ఉపకార వేతనం ఏడాదికి 12 వేలు, తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ అయ్యేదాకా. పరీక్షలో 90 మార్కులు బుద్ధికి, 90 పాఠాలకు. ఆ మొదటి తొంభైలో వాడికి ఎదురుండేది కాదు. అయితే దరఖాస్తు పెట్టాలంటేనే ఏడో తరగతిలో 55 శాతం ఉండాలి. వాడికి నలభై కూడా లేవు. తెలివి ఉండీ వెనకబడిన పిల్లలను వెతికి పట్టుకోగల పరీక్ష వాకిట్లోనే వాళ్లను ఆపేస్తోంది. ఈ నిబంధన సడలించమని అడగాల్సింది మాలాంటివాళ్లమే. అడుగుతున్నాను.

మొన్న మేలో మళ్లీ ఆ గట్ల మీదికి వెళ్లాను. షెడ్డులోంచి నోటు పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. గుంటలో నాలుగు మూలలా, నడిమధ్యలో వలవేసి రాసుకున్న కౌంట్లు, వాటికింద వంకర అక్షరాలతో ఒక పేజీన్నర లెక్క.

"స్టెప్పులన్నీ రాశా మేడం. నాలుగో లైను సార్ ఒప్పుకోలా. నేనూ వదల్లా. మీరు చూడండి."

నాలుగో లైను నాకూ అర్థం కాలేదు. కూర్చోబెట్టి మొదట్నుంచి చెప్పమన్నాను.