చిన్నోడికి ట్యాబ్ కొనాలా, వద్దా?

ఖిదిర్‌పూర్ పిల్లలకు ఎక్కాల కంటే ముందు సెల్‌ఫోన్ల ధరలు వస్తాయని మా అమ్మ అంటుంది. అందులో కొంత నిజం ఉంది. ఇక్కడి రేవు 1892లో మొదలైంది. సముద్రం దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్నా, హుగ్లీ నది మీదుగా ఓడలు ఇక్కడిదాకా వస్తాయి. విదేశీ సరుకు మన దేశంలోకి అంత సులువుగా రాని రోజుల్లో, ఓడల్లో పనిచేసేవాళ్లు తెచ్చిన రేడియోలు, టేప్‌రికార్డర్లు, వాచీలు, కెమెరాలు రేవు చుట్టుపక్కలే చేతులు మారేవట. అలా పేరు తెచ్చుకున్నదే ఫ్యాన్సీ మార్కెట్. 1991 తర్వాత దిగుమతులు తేలికయ్యాయి. అవే వస్తువులు ఇప్పుడు శ్రీకాకుళంలోనూ దొరుకుతాయి. అయినా పాత పేరు పోలేదు. ఊరి నుంచి ఎవరు ఫోన్ చేసినా, "మీ దగ్గర చవకంట కదా, ఒకటి చూసి పెట్టండి" అంటారు.

ఇక్కడ "మేము" అంటే అక్కాతమ్ముళ్లం ఇద్దరం. తొమ్మిదో తరగతి ఒకరు, ఏడో తరగతి ఒకరు. ఒకరు రాస్తుంటే ఇంకొకరు పక్కన కూర్చుని తప్పులు పడుతున్నారు. మా నాన్నది సి.ఐ.ఎస్.ఎఫ్. ఉద్యోగం. విశాఖ ఉక్కు కర్మాగారం అయింది, భిలాయి అయింది, ఇప్పుడు కలకత్తా పోర్టు. మాకో తమ్ముడున్నాడు, ఒకటో తరగతి. వాణ్ణి ఇంట్లో అందరం చిన్నోడనే అంటాం. ఈ వ్యాసం వాడి గురించే.

పోయిన దసరాకి పలాస దగ్గర మా ఊళ్లో తాతయ్య జీడిపిక్కలు అమ్మిన డబ్బులోంచి 20 వేలు పంపించాడు. "మా గుంటడికి ఆ పలక కొనండి, దాంట్లో రోజూ నా మొహం చూస్తాడు" అన్నాడు. పలక అంటే ట్యాబ్. మామయ్య ఫోన్‌లో వీడియో కాల్ చేయడం నేర్చుకున్న దగ్గర్నుంచి తాతయ్యకి అదే ఆశ.

డబ్బు వచ్చింది కాబట్టి కొనేస్తే అయిపోయేది. కానీ అమ్మ ఆ డబ్బు బీరువాలో పెట్టి, "ఆలోచిద్దాం" అంది. ఆ ఆలోచన నెలన్నర సాగింది.

అమ్మ ఎందుకు ఆగిందో చెప్పాలంటే 2020కి వెళ్లాలి. ఆ మార్చిలో బడులు మూసేసినప్పుడు మేము భిలాయిలో ఉన్నాం. ఇంట్లో ఉన్నవి రెండు ఫోన్లు. ఒకటి నాన్నతోపాటు డ్యూటీకి పోయేది. మిగిలిన ఒక్క ఫోన్‌లో నాలుగో తరగతి పాఠం, రెండో తరగతి పాఠం, రెండూ పొద్దున్న 9 గంటలకే. ఒకరికి క్లాసు, ఇంకొకరికి ఏడుపు. అప్పటికి చిన్నోడికి ఏడాది దాటింది. మా క్లాసులు అయిపోయాక ఆ ఫోనే వాడి ముందు పెట్టి అన్నం తినిపించేవారు. ఇంట్లో నలుగురం, బయటికి పోవడానికి లేదు, అమ్మ ఒక్కతే పని చేసుకోవాలి. ఇంకేం చేస్తుంది? ఆ రోజుల్లో మీ ఇళ్లలోనూ చాలావరకు ఇలాగే జరిగి ఉంటుంది.

దాని ఫలితం ఏమిటంటే, చిన్నోడు మాటలు నేర్చుకున్నది చాలావరకు కార్టూన్ల నుంచి. ఇంట్లో తెలుగు వింటాడు, అర్థం అవుతుంది, జవాబు మాత్రం హిందీలో ఇస్తాడు. అది కూడా డబ్బింగ్ హిందీ. ఖిదిర్‌పూర్ వచ్చిన కొత్తలో క్వార్టర్స్ కింద ఆడుకుంటున్న పిల్లల దగ్గరికి వెళ్లి, చేతులు కట్టుకుని, "క్యా ఆప్ మేరే సాథ్ ఖేలేంగే?" అని అడిగాడు. వాళ్లంతా వీడి వయసువాళ్లే. ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. వీడు పైకొచ్చి ఫోన్ అడిగాడు. తర్వాత చాలా రోజులు కిందికి దిగలేదు.

ట్రాన్స్‌ఫర్ల ఇళ్లలో పెరిగేవాళ్లకి ఇది వేరేగా చెప్పనక్కర్లేదు. ఊరు మారితే బడి, భాష, ఇరుగుపొరుగు, చివరికి తాగే నీళ్ల రుచి కూడా మారుతుంది. మారనిది ఫోన్ ఒక్కటే. అందులో భిలాయిలో చూసిన బొమ్మే కలకత్తాలోనూ అదే గొంతుతో పలకరిస్తుంది. ట్యాబ్ కొనాలని వాదించడానికి మాకు దొరికిన అన్నిటికంటే గట్టి కారణం ఇదే. చదువు కోసం అనేది అందరూ చెప్పేదే. కానీ వాడికి ఇక్కడ ఇంకెవరూ లేరు. మా ఇద్దరికీ ఒకరికొకరం ఉన్నాం. వాడు మా కంటే బాగా చిన్నవాడు.

ఒక ఆదివారం నాన్న మమ్మల్ని వెంటబెట్టుకుని ధరలు చూడటానికి బజారుకి తీసుకెళ్లాడు. ఒక కొట్లో సిమ్ వేసే ట్యాబ్ చూపించి రెండు ధరలు చెప్పారు. బిల్లుతో అయితే 18 వేలు, బిల్లు లేకుండా అయితే 15. నాన్న రెండో ధర సంగతే ఎత్తలేదు. యూనిఫాం వేసుకుని రేవు గేటు దగ్గర నిలబడేవాడు బిల్లు లేని సరుకు ఇంటికి ఎలా తెస్తాడు? కొన్నా, పాడైతే వారంటీ ఎవరిని అడుగుతాం? మాకు అక్కడ తెలిసిన ఇంకో సంగతి మీకూ పనికొస్తుంది. ఫోన్‌లో *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఇఐ నంబరు కనిపిస్తుంది. కె.వై.ఎం. అని టైపు చేసి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కి మెసేజ్ పంపితే, ఆ నంబరు ఏ కంపెనీ, ఏ మోడల్ పేరుమీద ఉందో జవాబు వస్తుంది. చేతిలో ఉన్నదొకటి, జవాబులో వచ్చిందొకటి అయితే ఆ ఫోన్ కొనకూడదు. పాత ఫోన్లు కొనేవాళ్లు ఈ పని తప్పకుండా చేయాలి.

బిల్లు గొడవ అక్కడితో తేలింది. అసలు గొడవ ఇంట్లో మొదలైంది.

మేమిద్దరం చెరో పక్షం తీసుకున్నాం. పంతానికి కాదు, నిజంగానే మా అభిప్రాయాలు వేరు. కొనాలన్నవారు మా మేనమామ కొడుకుని సాక్ష్యానికి పిలిచారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబర్ 21 నుంచి ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చింది, పాఠాలు అందులోనే వేసి. మా బావకీ ఒకటి వచ్చింది. లెక్కల పాఠం అర్థం కాకపోతే ఎన్నిసార్లయినా వెనక్కి తిప్పి చూసుకోవచ్చు, సార్‌ని అన్నిసార్లు అడగలేం కదా అన్నాడు. వద్దన్నవారు వెంటనే, "అది ఎనిమిదో తరగతి! వీడు ఇంకా గుణింతాల దగ్గర ఉన్నాడు" అన్నారు. ఈ మాటకి అమ్మ తల ఊపింది.

తర్వాత డాక్టర్ల మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ఏప్రిల్‌లో చెప్పిన దాని ప్రకారం ఏడాది లోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దు, 2 నుంచి 4 ఏళ్లవాళ్లకి రోజుకి గంట మించకూడదు. చిన్నోడికి ఆరేళ్లు దాటాయి కాబట్టి ఆ లెక్క వాడికి వర్తించదని కొనాలన్నవారి వాదన. మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం 5 నుంచి 10 ఏళ్లవాళ్లకి రెండు గంటల లోపే ఉండాలంది. అంటే "ఇవ్వకూడదు" అని ఎవరూ అనలేదు. అయితే ఆ గంటలు చూసుకునే మనిషి ఇంట్లో ఉండాలి. నాన్నకి వారంలో కొన్ని రాత్రులు డ్యూటీ, పగలు నిద్ర. సొంత ట్యాబ్ అయితే వాడు మంచం కింద దూరి చూస్తాడని అందరికీ తెలుసు.

కళ్లద్దాల సంగతి కూడా వచ్చింది, ఎందుకంటే మా ఇద్దరిలో ఒకరికి అప్పటికే అద్దాలున్నాయి. దగ్గరి వస్తువుల్ని అదేపనిగా చూడటం ఒక కారణమైతే, పగటి వెలుగులో బయట తిరగకపోవడం ఇంకో కారణమట. తైవాన్‌లో 2010 నుంచి బడుల్లో పిల్లల్ని రోజుకి 120 నిమిషాలు ఆరుబయట ఉంచే పథకం పెట్టారు. ఈ మాట విన్నాక నాన్న ఏమీ అనలేదు, కానీ మరుసటి వారం నుంచి డ్యూటీ లేని సాయంత్రాలు చిన్నోణ్ణి నడకకి తీసుకెళ్లడం మొదలుపెట్టాడు.

ఈ నడకల గురించి కాస్త చెప్పాలి. ఖిదిర్‌పూర్‌లో చూడటానికి ఏముంటుందని మేమూ అనుకునేవాళ్లం. 1902లో కలకత్తాలో మొదటి కరెంటు ట్రామ్ ఎస్ప్లనేడ్ నుంచి ఖిదిర్‌పూర్‌కే నడిచిందని నాన్న చెప్పాడు. ఇప్పుడు ఆ దారిలో ట్రామ్‌లు లేవు. కానీ రేవులోకి ఓడ రావాలంటే రోడ్డు మీది బాస్క్యూల్ వంతెన పైకి లేస్తుంది. బస్సులు, లారీలు, రిక్షాలు, మనుషులు, అందరూ ఆగిపోతారు. రోడ్డు ముక్క ఆకాశంలోకి లేస్తుంటే ఓడ మెల్లగా, ఒక మేడ నడిచి వెళ్తున్నట్టు మధ్యలోంచి పోతుంది. చిన్నోడు మొదటిసారి అది చూసినప్పుడు నాన్న చెయ్యి వదలకుండా నోరు తెరుచుకుని నిలబడ్డాడట. ఆ రాత్రి ఫోన్ లేకుండా అన్నం తిన్నాడు. తినేంతసేపూ వంతెన గురించే, సగం హిందీ సగం తెలుగు. మరుసటి రోజు మళ్లీ ఫోన్ అడిగాడు, అది వేరే సంగతి.

ఒకసారి కిందనుంచి పరిగెత్తుకొచ్చి, "అమ్మా, ఆమార్ పాలా!" అన్నాడు. అమ్మ పాలు అడుగుతున్నాడనుకుని గ్లాసులో పోసి ఇచ్చింది. వాడు కాళ్లు నేలకేసి కొట్టాడు. బెంగాలీలో "ఆమార్ పాలా" అంటే "నా వంతు" అని. బ్యాటింగ్ వాడి వంతు వచ్చిందట, అది చూడటానికి అమ్మని రమ్మంటున్నాడు! కింద వాళ్లు వీణ్ణి ఎప్పుడు ఆటలోకి తీసుకున్నారో మాకెవరికీ తెలియదు. నడక నుంచి తిరిగొచ్చేటప్పుడు నాన్న కావాలనే కాసేపు అక్కడ ఆగేవాడని తర్వాత చెప్పాడు.

చివరికి అమ్మే తేల్చింది. చిన్నోడికంటూ ట్యాబ్ వద్దు. ఆరో తరగతికి వచ్చాక మళ్లీ మాట్లాడుకుందాం. హోంవర్క్ అమ్మ ఫోన్‌లోనే, ముందు గదిలో కూర్చుని. అన్నం దగ్గర ఎవరి చేతిలోనూ ఫోన్ ఉండకూడదు. "ఎవరి చేతిలోనూ" అన్నప్పుడు మా వైపు చూసింది. ఇది మాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చడం లేదు. పైగా ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్ల లోపువాళ్లకి సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదన్న చట్టం అమల్లోకి వచ్చిందని నాన్న పేపర్లో చదివి గట్టిగా వినిపించాడు. మన దేశంలో ఆ చట్టం లేదని మేమూ గట్టిగానే చెప్పాం.

తాతయ్యకి చెప్పడమే కష్టమైంది. "నా డబ్బులు, నా మనవడు, మధ్యన మీకేటి?" అని ఫోన్ పెట్టేశాడు. రెండు వారాలు మాట్లాడలేదు. అమ్మ ఒకరోజు వంటింట్లో ఏడ్చింది కూడా. కొనేసి ఉంటే పోయేదని నాన్న అన్నాడు. ఆ రెండు వారాల్లో ఎవరు ఒప్పో మాకు నిజంగా తేలలేదు. పెద్దాయన అడిగింది పెద్ద కోరికేమీ కాదు, మనవడి మొహం చూడాలనే.

కానీ వీడియో కాల్‌లో ఏం జరిగేదో మేము చూశాం. చిన్నోడు తాతయ్యని చూసేవాడు కాదు. మూలన కనిపించే తన బొమ్మనే చూసుకుంటూ నాలుక బయటపెట్టి, పిల్లిమొగ్గ వేసి, నిమిషంలో పారిపోయేవాడు. తాతయ్య, "ఏటి చేస్తన్నాడు గుంటడు?" అని మమ్మల్ని అడిగేవాడు. మామయ్య ఊరెళ్లినప్పుడు ఒకసారి తాతయ్య తన బటన్ ఫోన్ నుంచే చేశాడు. కోపం తగ్గిందో, ఉండబట్టలేకపోయాడో. బొమ్మ లేదు, గొంతు ఒక్కటే. చిన్నోడు కాసేపు ఫోన్ తిప్పి తిప్పి చూసి, "తాతయ్య కనిపించట్లేదు" అన్నాడు. అటునుంచి, "నువ్వూ కనిపించట్లేదురా, ఎక్కడున్నావో చెప్పు" అన్నాడు తాతయ్య. చెప్పక తప్పలేదు వాడికి. కిటికీ దగ్గర ఉన్నానని, కింద క్రికెట్ ఆడుతున్నారని, వంతెన లేస్తుందని చెప్పాడు. లేస్తుంది అనే మాట తెలియక "ఖడా హో జాతా" అన్నాడు. తాతయ్యకి హిందీ రాదు. "అంటే ఏట్రా?" అని ఆరుసార్లు అడిగించుకుని, చివరికి మా దగ్గర తెలుగు మాట కనుక్కుని మరీ చెప్పాడు. పదకొండు నిమిషాలు మాట్లాడాడు. మేము టైము చూశాం.

డబ్బులో కొంత పెట్టి చిన్నోడికి సైకిల్ కొన్నారు. వేసవి సెలవులకి ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లో షాలిమార్ నుంచి పలాసకి అందరికీ రానూపోనూ టికెట్లు తీసుకున్నారు. ఇంకా మిగిలింది అమ్మ పోస్టాఫీసులో వేసింది, వాడి పేరుమీద. వీడియో కాల్ కూడా మానలేదు, ఆదివారం ఆదివారం చేస్తారు. తాతయ్య ఇప్పటికీ ఆ పలక సంగతి మరిచిపోలేదు. "ఆరో తరగతంటే ఇంకెన్నేళ్లు?" అని లెక్క అడుగుతూనే ఉంటాడు.

ఇక మాలో ఒకరు ఏడాదిలో పదో తరగతికి వెళ్తారు, తర్వాత పదకొండు. అప్పుడు సొంత ఫోన్ కావాలన్నది ఇంకా ఇంట్లో ఎత్తలేదు. ఈ పత్రిక ఇంటికి వచ్చాక అమ్మ చదువుతుంది కాబట్టి, ఇక్కడే ఎత్తుతున్నాం.