పూతకు ముందు శుద్ధి



మన సంఘపు తెల్ల అంబాసిడర్‌ మీ అందరికీ తెలుసు. 1958 నుంచి 2014 వరకు బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన కార్లలో అదొకటి. పల్లె కూడికలకు, అర్ధరాత్రి ఆసుపత్రికి మనకు అదే దిక్కు. గత నెల టెక్కలి నుంచి వస్తుంటే మూడుసార్లు ఆగిపోయింది. ఫిల్టరు విప్పితే ఎర్రటి తుప్పు పొడి. ట్యాంకు అడుగున పెట్రోలు చెమ్మ.

సముద్రపు గాలి తగిలే మన సిక్కోలులో ఇనుముకు తుప్పు కొత్త కాదు. పైగా ఇప్పుడు పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్‌ కలుస్తోంది. అది తేమను పీల్చుకుంటుంది. బండి చాలా రోజులు కదలకపోతే ఆ నీరు అడుగున చేరి రేకును తింటుంది.

"లోపల ఎపాక్సీ పూత పోయించేస్తే సరిపోతుంది కదండీ అయ్యగారూ" అన్నారు కొందరు. మాకూ అదే తేలిక అనిపించింది. మెకానిక్‌ మాత్రం ట్యాంకును ఊపి ఆ గలగల వినిపించాడు. "తుప్పు ఒగ్గేసి పూతేత్తే ఏటవుతాదయ్యగోరూ? పెచ్చులూడిపోతాది. అప్పుడు తుప్పూ, పెచ్చులూ రెండూ పైపుకి అడ్డం పడతాయి" అన్నాడు.

ఆ రాత్రి యెహెజ్కేలు 13వ అధ్యాయం చదివాం. బలంలేని గోడకు పైన గచ్చు పూసి బాగుందనిపించిన వారిని దేవుడు అక్కడ గద్దిస్తాడు. వాన వస్తే ఆ గోడ నిలవదు. మాకు నిద్ర పట్టలేదు. మందిర నిర్మాణపు లెక్కల విషయమై ఒక పెద్దతో మాకు రెండేళ్లుగా మనసు కలవలేదు. ప్రతి ఆదివారం "వందనాలండీ" అని చేతులు జోడిస్తూనే ఉన్నాం, ప్రభువు బల్ల దగ్గర కూడా. అదంతా పూతే.

మర్నాడు వారింటికి వెళ్లాం. పదిమందిలో ఆయన్ని లెక్క అడిగిన తీరు మాదే తప్పని ఒప్పుకున్నాం. "ఇన్నాళ్లకు గుర్తొచ్చిందా అయ్యగారూ?" అన్నారాయన. జవాబు లేదు మా దగ్గర. అరుగు మీద చాలాసేపు ఊరకే కూర్చున్నాం. చివరికి ఆయనే లోపలికి కేకేసి టీ తెప్పించారు. ఇంకా పని మిగిలే ఉంది, కానీ మొదలైంది.

ట్యాంకు సంగతి కూడా చెప్పాలి. కంకరరాళ్లు వేసి కుదిపి, కడిగి తుప్పు వదిలించారు. ఖాళీ ట్యాంకులో మిగిలే పెట్రోలు ఆవిరి చాలా ప్రమాదం కాబట్టి, అదంతా పోయాకే మంట దగ్గరకు తెచ్చారు. దీపం పెట్టి చూస్తే రెండు సన్నని చిల్లులు, మిగతా రేకు గట్టిదే. చిల్లులకు ఇత్తడి వెల్డింగు చేయించి, పూత వద్దనుకున్నాం. రేకంతా గుంటలు పడి ఉంటే, శుభ్రం చేశాక పూత వేయించడం తప్పు కాదు. మనకు ఆ అవసరం రాలేదు. ఇకపై ట్యాంకు నిండుగా ఉంచాలి, ఫిల్టరు తరచూ విప్పి చూడాలి.

ప్రియులారా, ఈ వారం మీరు ఎవరి గుమ్మం ఎక్కాలి?

ప్రభువా, పైపూతతో సరిపెట్టుకోకుండా మా లోపలిని కడుగుము. ఆమేన్‌.