గ్యాస్ తగ్గింది సార్!

ఏటా ఏప్రిల్ రెండో వారానికి మా ఏసీకి జబ్బు చేసేది. తిరిగేది, మూలిగేది, కరెంటు బిల్లు మాత్రం బ్రహ్మాండంగా తెచ్చేది. చల్లగాలి ఒక్కటే వచ్చేది కాదు. మెకానిక్ కుర్రాడికి ఫోన్ చేస్తే నాడి చూడకుండానే వైద్యం చెప్పేసేవాడు: "గ్యాస్ తగ్గింది సార్, టాప్ అప్ కొట్టేద్దాం." మూడేళ్లు కొట్టించాను. మీ ఇంట్లోనూ ఇదే భాగోతమైతే కాస్త ఇటు జరగండి, టీ చల్లారేలోపు నాలుగు కబుర్లు చెప్పుకుందాం.

నాలుగో ఏడు మా ఆవిడ అడిగింది: "అవునండీ, మన ఫ్రిజ్‌కి పదేళ్లుగా ఒక్కసారీ గ్యాస్ పట్టించలేదు. ఈ ఏసీ మాత్రం తాగేస్తుందా ఏమిటి?"

నాకు నోట మాట రాలేదు. నిజమే మరి, ఆ గ్యాసేమన్నా పొయ్యిలో మండి అయిపోయేదా? గొట్టాల్లో ఓసారి ద్రవమై, ఓసారి ఆవిరై, గదిలోని వేడిని మోసుకెళ్లి బయట దించి, మళ్లీ అదే దారిన తిరిగొస్తుంది. గానుగెద్దు లాగా. ఎద్దు కనిపించలేదంటే కరిగిపోయిందని కాదుగా, తాడు తెంపుకుని పోయిందని. మా ఎద్దు ఎటు పోయిందో తెలుసా? పైకి!

మా నాన్నగారు 1984లో ఫ్రిజ్ కొన్నారు. వీధిలో మొదటిది మాదే కాబట్టి ఇరుగుపొరుగు పెరుగు గిన్నెలన్నీ అందులోనే ఉండేవి. దానికి ఓసారి గ్యాస్ మొత్తం పోయి మళ్లీ నింపించారు. ఆ గ్యాస్‌ను ఆర్-12 అనేవారు, క్లోరోఫ్లోరోకార్బన్లనే సీఎఫ్‌సీల జాతి. ఆర్-12 అణువు గాలిలో సుమారు వందేళ్లు బతుకుతుంది. ఫ్రిజ్ పాత ఇనుప సామాన్ల వాడికి పోయింది, నాన్నగారూ పోయారు. ఆ గ్యాస్‌లో సగానికి పైగా ఇంకా మన నెత్తిమీదే ఉంది.

దాన్ని కనిపెట్టినవాళ్ల బుద్ధేమీ చెడ్డది కాదండి. అంతకు ముందు ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ ఉండేవి. రాత్రిపూట కారితే ఒక్కోసారి తెల్లారేసరికి ఇంటిల్లిపాదీ శవాలయ్యేవారు. అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ అనే ఇంజనీరు, అతని జట్టు 1928లో విషం కాని, మండని గ్యాస్ ఒకటి పట్టుకున్నారు. 1930లో శాస్త్రవేత్తల సభలో మిడ్‌గ్లీ ఆ గ్యాస్‌ను గుండెల నిండా పీల్చి, ఆ ఊపిరితోనే కొవ్వొత్తి ఆర్పి చూపించాడు. చప్పట్లు మోగి ఉంటాయి. పెట్రోల్లో సీసం కలపడం కనిపెట్టిందీ ఈ మహానుభావుడే! ఒక మనిషి చేతి మీదుగా రెండు గండాలు. పోలియో వచ్చి మంచాన పడ్డాక, లేవడానికని తనే తాళ్లూ కప్పీలతో ఒక ఏర్పాటు చేసుకున్నాడు. 1944లో ఆ తాళ్లే మెడకు చుట్టుకుని పోయాడు.

దేనితోనూ కలవకపోవడమే ఈ గ్యాస్ సుగుణం, అదే దాని దుర్గుణం. కింద ఏదీ దాన్ని విరగ్గొట్టదు కాబట్టి తీరిగ్గా ఓజోన్ పొర దాకా ఎక్కుతుంది. అక్కడ అతినీలలోహిత కిరణాలకు విరిగి క్లోరిన్‌ను వదులుతుంది. ఒక్క క్లోరిన్ పరమాణువు లక్ష దాకా ఓజోన్ అణువులను మింగగలదు. మొలీనా, రోలండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1974లో ఈ సంగతి చెబితే కంపెనీలు కొట్టిపారేశాయి. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పొర ప్రతి వసంతంలోనూ దారుణంగా పలచబడుతోందని బ్రిటిష్ పరిశోధకులు లెక్కలతో సహా బయటపెట్టారు. మొలీనా, రోలండ్‌లకు నోబెల్ 1995లో గానీ రాలేదు.

ఇక అసలు కబురు. వీరభద్రన్ రామనాథన్ గారని మన దేశంలో పుట్టిన శాస్త్రవేత్త ఉన్నారు. 1960లలో ఇంజనీరింగ్ పూర్తిచేసి మన సికింద్రాబాద్‌లో రిఫ్రిజరేటర్లు చేసే ఒక కంపెనీలో చేరారు. అక్కడ ఆయన పనేమిటనుకున్నారు? యంత్రాల్లోంచి గ్యాస్ ఎందుకంత తొందరగా కారిపోతోందో కనిపెట్టడం! తర్వాత అమెరికా వెళ్లి, 1975లో అదే గ్యాస్ గురించి 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాశారు: సీఎఫ్‌సీ ఓజోన్‌ను తినడమే కాదు, ఒక్కో అణువు పదివేలకు పైగా కార్బన్ డయాక్సైడ్ అణువుల పెట్టున భూమిని వేడెక్కిస్తుందని. సికింద్రాబాద్‌లో తన చేతుల్లోంచి జారిపోయిన గ్యాస్‌ను ఆయన ఆకాశంలో పట్టుకున్నారన్నమాట.

ఓజోన్‌ను తినే ఇలాంటి గ్యాస్‌లను మానుకోవాలని 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఇప్పుడు అందులో 198 పక్షాలున్నాయి. ప్రపంచం మొత్తం ఒక్క మాట మీదికి రావడమనే వింత అక్కడ జరిగింది. పేద దేశాలు మారడానికయ్యే ఖర్చు కోసం నిధి పెట్టాక మనం 1992లో చేరాం. 2008 ఆగస్టు ఒకటికల్లా, గడువుకు 17 నెలల ముందే, సీఎఫ్‌సీల తయారీ ఆపేశాం. ఆస్తమా ఇన్‌హేలర్ల కోసం కొంత మినహాయింపు మాత్రం ఉంచుకున్నాం. మనవాళ్లు దేనికైనా గడువు పొడిగించమంటారని గొణిగే నాబోటి వాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. దక్షిణ ధ్రువం మీది ఓజోన్ కన్నం 2066 ప్రాంతానికి పూడుతుందని శాస్త్రవేత్తల లెక్క.

అయితే, ముల్లు తీశాంగానీ తీసిన సూది కాస్తా కాల్లోనే విరిగింది. సీఎఫ్‌సీల బదులు తెచ్చిన హెచ్‌ఎఫ్‌సీలకు ఓజోన్ జోలి లేదు, వేడి జోలి బోలెడు. అందుకే 2016లో రువాండా రాజధాని కిగాలీలో ఇంకో సవరణ చేసుకున్నారు. మన వంతు వాడకం 2028లో పెరగడం ఆగాలి, 2032 నుంచి మెట్లు దిగుతూ 2047కల్లా 85 శాతం తగ్గాలి.

ఈ అంకెలకూ మా ఏసీకీ ఏమిటి సంబంధమంటారా? బయటి యూనిట్ మీది రేకు తుడిచి చూశాను: ఆర్-22. సీఎఫ్‌సీలకూ హెచ్‌ఎఫ్‌సీలకూ మధ్యకాలపు సరుకు. సీఎఫ్‌సీ అంత కాకపోయినా ఓజోన్‌కూ చేటే. దీన్నీ 2030కల్లా సాగనంపాలి. కిలో గాలిలోకి పోతే వందేళ్ల లెక్కన 1,810 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే స్కూటర్ మీద 35 వేల కిలోమీటర్లు తిరిగినంత పొగ! మంచం మీద పడుకుని, దుప్పటి కప్పుకుని, భూగోళాన్ని ముప్పాతిక పైన చుట్టేశాను.

కొత్త ఏసీల్లో వచ్చే ఆర్-32కు ఆ 1,810 స్థానంలో ఉండే అంకె 675. ఆర్-290కి మూడు, అంతే. ఆ ఆర్-290 ప్రొపేనండి, అంటే వంటగ్యాస్‌కు సొంత తమ్ముడు. కొత్త ఫ్రిజ్‌ల వెనక రాసుండే ఆర్-600ఎ కూడా ఆ ఇంటివాడే. మండుతుందని జనం జంకుతారు. 14.2 కిలోల సిలిండర్ పక్కన నిలబడి పప్పు పోపు పెట్టేవాళ్లం, ఫ్రిజ్‌లోని ఏ యాభై గ్రాములకో భయపడతామా? అలాగని పాత ఆర్-22 యంత్రంలో ప్రొపేన్ నింపే అతితెలివి వద్దు. దాని స్విచ్చులూ తీగలూ మండే గ్యాస్ కోసం చేసినవి కావు.

మెకానిక్ కుర్రాడు వచ్చాడు. "టాప్ అప్ వద్దు బాబూ, లీకెక్కడో చూడు" అన్నాను. "దానికి నైట్రోజన్ కొట్టాలి సార్, టైం పడుతుంది, ఖర్చు కూడా" అన్నాడు. తప్పు వాడిది కాదు, లీకు వెతికినందుకు వాడికింతవరకు ఎవరూ డబ్బులివ్వలేదు. ఇస్తానన్నాను. మిగిలిన గ్యాస్‌ను గాలికి వదిలేయకుండా ఖాళీ సిలిండర్‌లోకి లాగాడు, నైట్రోజన్ ఎక్కించాడు, సబ్బు నురగ పూశాడు. బయటి యూనిట్ దగ్గర రాగి గొట్టం కలిసేచోట, ఫ్లేర్ నట్ పక్కన, చిన్నచిన్న బుడగలొచ్చాయి.

గొట్టం కొస కోసి, కొత్తగా ఫ్లేర్ చేసి, నట్ బిగించి, వ్యాక్యూమ్ పెట్టి, గ్యాస్ తూచి నింపాడు. ఇది రెండో వేసవి, మళ్లీ ఫోన్ చేయలేదు. ఈసారి మీ మెకానిక్ సిలిండర్ భుజాన వేసుకుని వచ్చినప్పుడు, సబ్బునీళ్ల గిన్నె మీరే అందించండి.