చేతిని గుర్తించిన యంత్రం, భాషను గుర్తించని రాజ్యం

మన రాజకీయాల్లో చేయి అనగానే ఒక పార్టీ ఎన్నికల గుర్తు మదిలో మెదులుతుంది. కంప్యూటరుకు మాత్రం చేయి అంటే 21 బిందువులు: మణికట్టు దగ్గర ఒకటి, ఒక్కో వేలికి నాలుగు. 2019లో గూగుల్ వెలువరించిన మీడియాపైప్ సాధనం మామూలు ఫోన్ కెమెరా చిత్రంలో ముందుగా అరచేయి ఎక్కడుందో వెతికి, ఆపైన ఈ బిందువులను పోల్చుకుంటుంది. ఆ విద్య నేర్పడానికి సుమారు 30 వేల చిత్రాలపై మనుషులే స్వయంగా గుర్తులు పెట్టారు. ప్రత్యేకమైన చేతితొడుగుల అవసరం లేకుండా పోయింది.

అయితే చేతి ఆకారం తెలిసినంత మాత్రాన సైగ అర్థమైనట్టు కాదు. అమెరికా బధిరులు అక్షరాలను ఒంటిచేత్తో చూపుతారు. భారతీయ సంజ్ఞా భాషలో ఇంగ్లీషు అక్షరాలకు చాలావరకు రెండు చేతులూ కావాలి. ఒక చేయి మరొకదాన్ని కప్పేసిన చోట యంత్రం తడబడుతుంది. పైగా ప్రశ్నించడానికి, కాదనడానికి కనుబొమలు, తల కదలిక కూడా ఈ భాషలో వ్యాకరణమే. చేతిని మాత్రమే చూసే యంత్రానికి అవి అందవు.

అందువల్ల ఇక్కడి యంత్రానికి ఇక్కడి చేతులే గురువులు కావాలి. ఐఐటీ మద్రాస్ పరిశోధకులు 2020లో ప్రకటించిన 'ఇన్‌క్లూడ్' సంకలనంలో 263 పదాలకు 4,287 వీడియోలున్నాయి. విలువైన ఆరంభమే. కానీ కేంద్ర ప్రభుత్వ సంస్థ 2021లో తెచ్చిన సంజ్ఞా భాషా నిఘంటువులో 10 వేల పదాలున్నాయి. ఈ అంతరాన్ని పూడ్చాలంటే ప్రజాధనం, రాజకీయ సంకల్పం రెండూ కావాలి.

2011 జనగణన ప్రకారం దేశంలో వినికిడి వైకల్యం గలవారు సుమారు 50 లక్షల మంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సంజ్ఞా భాషను ప్రస్తావించింది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల సరసన మాత్రం దానికి చోటు దక్కలేదు. ప్రమాదం కూడా ఇక్కడే పొంచి ఉంది. కోర్టులో, ఆసుపత్రిలో సంజ్ఞా భాష తెలిసిన దుబాసీని నియమించవలసిన ప్రభుత్వం రేపు ఒక యాప్‌ను చూపి చేతులు దులుపుకోవచ్చు. వాంగ్మూలంలో ఒక్క సైగ తారుమారైతే శిక్ష అనుభవించేది యంత్రం కాదు.

ఈ సాధనం దుబాసీకి తోడుగా రావాలి గాని, దుబాసీ స్థానాన్ని ఆక్రమించరాదు. ఎవరి చేతులను చిత్రించాలో, ఏ సైగకు ఏ అర్థం రాయాలో నిర్ణయించే అధికారం ఆ భాషలో బతుకుతున్న బధిరులకే ఉండాలి. ఏ భాషకైనా ఇంతకు మించిన న్యాయం అక్కరలేదు. ఇంతకు తగ్గితే అది న్యాయమూ కాదు.