ఆరోగ్యవరంలో ఒక పూట

మదనపల్లె పట్టణానికి కొద్ది దూరంలో ఆరోగ్యవరం ఉన్నది. సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైబడిన ఎత్తున ఉన్న నేల కావటం వల్ల మా కడపలో కన్నా అక్కడ గాలి చల్లగా, తేలికగా ఉంటుంది. చెట్ల నీడలో ఎడమెడంగా కట్టిన పాత కట్టడాలు, వాటి ముందు విశాలమైన వసారాలు. ఆసుపత్రి అంటే ఇరుకు, గోల అని అలవాటు పడినవారికి ఆ నిశ్శబ్దం వింతగా తోస్తుంది.

మదనపల్లె మాకు పరాయి ఊరు కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు ఈ తాలూకా కడప జిల్లాలోనిదే. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో ఇక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసినప్పుడు ‘జనగణమన’ను ఆంగ్లంలోకి అనువదించారు. నేడు ఈ ఊరి పేరు చెప్పగానే టమోటా మండీలు, పట్టుచీరలు గుర్తుకు వస్తాయి. అయితే మా ప్రయాణం వీటిని చూడటానికి కాదు. మా మద్రసాలో ఖుర్ఆన్ కంఠస్థం చేసి హాఫిజ్ అయిన ఒక శిష్యుడు మదనపల్లెలో ఉంటున్నాడు. మండీలో లెక్కలు రాస్తూ, రమజాన్‌లో తరావీహ్ నమాజు చేయిస్తుంటాడు. అతను మందులకు లొంగని క్షయతో బాధపడుతున్నాడనీ, విసిగిపోయి మందులు మానివేయాలన్న ఆలోచనలో ఉన్నాడనీ తెలిసింది. రోగిని పరామర్శించటం సాటి ముస్లిం పట్ల మనకున్న బాధ్యత. షాబాన్ నెల చివరి వారంలో మేము, మా సహోపాధ్యాయుడు కలిసి బయలుదేరాము.

ఫజర్ నమాజు ముగించుకొని కడపలో బస్సు ఎక్కాము. గువ్వలచెరువు ఘాట్‌రోడ్డు దగ్గర బస్సు ఆగినప్పుడు పిల్లవాడి కోసం పాలకోవా కొన్నాము. రాయచోటిలో బస్సు మారి మదనపల్లె చేరేసరికి ఎండ ముదరలేదు. ఆ రోజు గుండె పరీక్ష కోసం ఆసుపత్రికి వెళ్ళాననీ, జుహర్ వేళకు గాని ఇల్లు చేరననీ శిష్యుడు ఫోన్‌లో చెప్పాడు. ఆ వ్యవధిలో ఆరోగ్యవరం చూసి వద్దామనుకున్నాము.

క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న లోకానికి వెల్లడించాడు. శత్రువెవరో తెలిసింది గాని, దానిని చంపే మందు మరో ఆరు దశాబ్దాల వరకు మనిషి చేతికి రాలేదు. ఆ కాలంలో వైద్యులకు తెలిసినవి నాలుగే: స్వచ్ఛమైన గాలి, పూర్తి విశ్రాంతి, మంచి ఆహారం, రోగిని కనిపెట్టుకొని ఉండే మనిషి. ఈ నాలుగింటినీ ఒకచోట చేర్చటానికే శానిటోరియంలు పుట్టాయి. పలు క్రైస్తవ మిషన్లు కలిసి ఇక్కడ నెలకొల్పిన శానిటోరియం 1915లో తెరుచుకున్నది. డెన్మార్క్ దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి సూపరింటెండెంటు. తరువాత ఆ బాధ్యత వహించిన డాక్టర్ పి.వి. బెంజమిన్ కేంద్ర ప్రభుత్వానికి క్షయ నివారణలో సలహాదారుగా కూడా పనిచేశారు.

శానిటోరియం జీవితమంటే నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు. రోగి తల్లిదండ్రులను, భార్యాబిడ్డలను విడిచి వచ్చి, ఆరుబయటి గాలి తగిలేలా మంచం వేసుకొని పడుకునేవాడు. జ్వరం తగ్గితే కొన్ని అడుగుల నడక, బలం పుంజుకుంటే చిన్నపాటి పని. కోలుకొని ఇల్లు చేరినవారున్నారు, చేరనివారూ ఉన్నారు. ఆ వసారాల ముందు నిలబడినప్పుడు, ఎందరు మనుషులు అక్కడ పడుకొని తమ వారి ఉత్తరాల కోసం ఎదురు చూశారో కదా అనిపించింది.

1940లలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాయి. అప్పుడొక ప్రశ్న పుట్టింది. మందు ఉన్నప్పుడు రోగి ఇల్లు విడిచి పోవలసిన అవసరం ఉన్నదా? దీనికి జవాబు దొరికింది మద్రాసులోనే. 1956లో అక్కడ మొదలైన పరిశోధనలో కొందరు రోగులకు శానిటోరియంలోనూ, కొందరికి వారి ఇళ్ళలోనూ ఒకే మందులు ఏడాది పాటు ఇచ్చారు. ఇళ్ళలో ఉన్నవారు పేదలు. గదులు ఇరుకు, తిండి అంతంతమాత్రం. అయినా ఫలితాలు దాదాపు సమానంగా వచ్చాయి. ఇంటి దగ్గర మందులు తిన్నవారి కుటుంబాలలో జబ్బు అధికంగా వ్యాపించనూ లేదు. ఇంట్లో వారికి అసలు ప్రమాదం రోగం బయటపడక ముందరి రోజులలోనే ఎక్కువ. 1959లో వెలువడిన ఈ ఫలితాలు ప్రపంచమంతటా క్షయ చికిత్స తీరును మార్చివేశాయి. రోగిని నయం చేసేది కొండగాలి కాదు, క్రమం తప్పక మింగిన మందు అని తేలింది.

కాని ఆ నాలుగింటి అవసరం తీరిపోలేదు. వాటిని సమకూర్చే భారం శానిటోరియం నుండి ఇంటికి మారింది. ఈ సంగతి మాకు శిష్యుడి ఇంటికి వెళ్ళాక మరింత బాగా అర్థమైంది.

అది సందులోని రెండు గదుల ఇల్లు. ముందు గదికి ఉన్న ఒకే ఒక కిటికీ మూసి, దానికి పాత దుప్పటి కట్టి ఉన్నది. చలికేమో అనుకున్నాము. అతని తల్లి గొంతు తగ్గించి చెప్పింది: “దగ్గు పక్కింటికి వినబడుతుంది హజ్రత్. విన్నారంటే మా ఇంటికి ఎవరూ రారు.” వందేళ్ళ క్రితం గాలి కోసం మనుషులు ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ వచ్చిన ఊరి పక్కనే, ఒక ఇల్లు సిగ్గు చేత గాలిని బయట నిలబెట్టింది.

శిష్యుడి ముఖం చూసి క్షణకాలం గుర్తు పట్టలేకపోయాము. చర్మం నల్లబారింది. అది క్లోఫాజిమిన్ అనే మందు ప్రభావమనీ, చికిత్స ముగిశాక నెలల మీద మెల్లగా తగ్గుతుందనీ వైద్యులు చెప్పారట. ఐదో నెల నడుస్తున్నది, మొత్తం పద్ధెనిమిది నెలలు. రోజూ గుప్పెడు మాత్రలు. లినెజోలిడ్ వల్ల అరికాళ్ళు మండుతున్నాయి. సైక్లోసెరిన్ వల్ల నిద్ర చెడి, మనసు దిగులుగా ఉంటున్నది. బెడాక్విలిన్ వంటివి గుండె లయను మార్చే అవకాశం ఉన్నందున తరచూ ఇ.సి.జి. తీయించాలి. అన్నిటికన్నా అతన్ని కుంగదీసింది మరొకటి. “దీర్ఘమైన ఆయత్‌ను ఒక్క ఊపిరితో పూర్తి చేయలేకపోతున్నాను హజ్రత్” అని తల వంచుకున్నాడు.

ఇంత దూరం ఎలా వచ్చింది? రెండేళ్ళ క్రితం అతనికి మామూలు క్షయే వచ్చింది. ఆరు నెలల మందు. మూడో నెలకు దగ్గు తగ్గి, బరువు పెరగటంతో నయమైందనుకొని మానివేశాడు. సగం మందుతో బలహీనమైన క్రిములు చస్తాయి, మొండివి మిగులుతాయి. మిగిలినవే పెరిగి మళ్ళీ ఊపిరితిత్తులను ఆక్రమిస్తాయి. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ అనే రెండు ముఖ్యమైన మందులకూ లొంగని క్షయను వైద్యులు ఎం.డి.ఆర్. అంటారు. అయితే మందు మానినవారికే ఇది వస్తుందనుకోవటం పొరపాటు. ఇటువంటి రోగి దగ్గిన గాలి పీల్చిన వారికి మొదటిసారే మొండి క్షయ రావచ్చు. కనుక రోగిని నిందించటంలో న్యాయం లేదు.

అన్నం వేళ అతని కంచం, గ్లాసు వేరుగా ఒక మూల పెట్టి ఉండటం చూశాము. బిడ్డతో సహా కోడలిని పుట్టింటికి పంపమని బంధువులు ఒత్తిడి చేస్తున్నారట. ఆమె వెళ్ళలేదు. గోడమీది క్యాలెండరులో భర్త మందు మింగిన ప్రతి తేదీ చుట్టూ సున్నా చుడుతున్నది. ఐదు నెలలలో ఒక్క తేదీ కూడా ఖాళీగా లేదు. ఆరోగ్యవరంలో ఒకనాడు నర్సులు చేసిన పనిని ఆ ఇంట్లో ఆ అమ్మాయి చేస్తున్నది.

క్షయ కంచం వల్ల, గ్లాసు వల్ల, బట్టల వల్ల, కరచాలనం వల్ల అంటుకోదు. రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు గాలిలోకి వెలువడే సన్నని తుంపరలను పీల్చటం వల్ల అంటుకుంటుంది. కాబట్టి కంచం వేరు చేసి కిటికీ మూయటం తలకిందుల జాగ్రత్త. కిటికీ తెరవాలి, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డు పెట్టుకోవాలి, కఫం ఎక్కడబడితే అక్కడ ఉమ్మకూడదు, ఇంటిల్లిపాదీ పరీక్ష చేయించుకోవాలి. ఆ ఇంట్లో తల్లి, భార్య, బిడ్డ ముగ్గురికీ పరీక్షలు జరిగాయి, జబ్బు లేదని తేలింది. శిష్యుడి కఫంలో సైతం గత రెండు నెలల కల్చర్ పరీక్షలలో క్రిములు కనబడలేదు. అంటే మందు పనిచేస్తున్నది. రెండేళ్ళ క్రితం అతను మోసపోయినది సరిగ్గా ఇటువంటి ఘట్టంలోనే.

అతను అడిగిన ప్రశ్న రమజాన్ గురించి. “నెల రోజులు మందులు ఆపి ఉపవాసాలు పాటిస్తాను హజ్రత్. ఈ నెలను పోగొట్టుకోలేను.” బెడాక్విలిన్‌ను ఆహారంతో పాటే వేసుకోవాలి. మిగతా మందులకూ వేళ ఉన్నది, శరీరానికి తిండి కావాలి. మేము అతనికి చెప్పినది ఇదే: రోగికి ఉపవాసం నుండి సడలింపు ఇచ్చినది ఎవరో మనిషి కాదు, అల్లాహ్. దివ్యఖుర్ఆన్‌లో అల్ బఖరా సూరాలో ఉపవాస ఆదేశం ఉన్నచోటే ఆ సడలింపూ ఉన్నది. కోలుకునే ఆశ ఉన్న రోగి, వైద్యుడు వద్దన్నప్పుడు ఉపవాసం విడిచి, ఆరోగ్యం చేకూరాక ఆ రోజులను ఖజాగా పూర్తి చేసుకోవాలి. ప్రభువు ఇచ్చిన వెసులుబాటును కాదని ప్రాణానికి ముప్పు తెచ్చుకోవటం భక్తి అనిపించుకోదు. కఫంలో క్రిములు లేవు గనుక వైద్యుని అనుమతితో మస్జిద్‌కు వెళ్ళవచ్చు. తరావీహ్ ఈసారి మరొకరు చేయిస్తారు, అతను వెనుక నిలబడి వింటాడు.

చాలాసేపు మౌనంగా ఉన్నాడు. “మానను హజ్రత్. కాని పదమూడు నెలలు చాలా ఎక్కువ” అన్నాడు. ఎక్కువే. దానిని తక్కువ చేసి చెప్పే హక్కు మాకు లేదు. అరికాళ్ళ మంటను, దిగులును దాచుకోక వైద్యునికి చెప్పమన్నాము. మందు మోతాదు తగ్గించటమో, మార్చటమో వైద్యుని చేతిలో ఉన్నది. తనంతట తాను మానటమే కూడనిది. మేము లేచే ముందు మా సహోపాధ్యాయుడు దుప్పటి విప్పి కిటికీ తెరిచారు. తల్లి వారించలేదు.

పాఠక కుటుంబాలకు కొన్ని మాటలు. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో కఫ పరీక్ష చేయించండి. రోగం ఉన్నదీ లేనిదీ, అది రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో గంటల వ్యవధిలో చెప్పగల పరీక్షలు నేడున్నాయి. మొండి క్షయకు సైతం మందులు ఉచితం. పోషకాహారం కోసం 2018 నుండి నెలకు 500 రూపాయలుగా ఉన్న ప్రభుత్వ సహాయం 2024 నవంబరు నుండి 1000 రూపాయలైంది. ఒకప్పుడు నెలల తరబడి సూదిమందు వేయించుకొని కొందరు వినికిడి కోల్పోయేవారు. ఇప్పుడు మాత్రలతోనే చికిత్స సాగుతున్నది. కొందరికి 6 నెలలలోనే ముగిసే కొత్త మందుల కూర్పును కేంద్ర ప్రభుత్వం 2024లో ఆమోదించింది. అది ఎవరికి తగునో వైద్యుడే నిర్ణయించాలి.

ఇక మస్జిద్ కమిటీలకు, ఇమాములకు మా విన్నపం. రమజాన్‌కు ముందు వచ్చే జుమా ప్రసంగంలో ఈ జబ్బు పేరు పెట్టి మాట్లాడండి. మందులపై ఉన్న రోగికి షరీఅత్ ఇచ్చిన సడలింపును స్పష్టంగా వివరించండి. మీ వీధిలో అటువంటి ఇల్లు ఉంటే పండ్లో, గుడ్లో తీసుకొని వెళ్ళి, ఆ ఇంట్లో కూర్చొని, వారి గ్లాసుతోనే నీళ్ళు అడిగి తాగి రండి. రోగులందరికీ అల్లాహ్ సంపూర్ణ స్వస్థతను, వారిని కనిపెట్టుకొని ఉన్నవారికి ఓర్పును ప్రసాదించుగాక! ఆమీన్.