పుట్టకముందే పేరు పెట్టిన ఇంజను

నేను వృత్తిరీత్యా అనువాదకుణ్ణి. ఆంగ్ల సాహిత్యం చదువుకొని, ఇరవై ఏళ్లుగా ఇతరుల మాటలను తెలుగులోకి తెస్తూ కాలం గడుపుతున్నవాణ్ణి. మోటారు కారు బానెట్ ఎత్తి చూపిస్తే అందులో ఏది ఏమిటో నాకు తెలియదు. అటువంటి నాకు, నా వృత్తిని గూర్చిన ఒక నిజాన్ని ఒక పాత ఇంజను చెప్పింది.

2022 వేసవిలో మిచిగాన్ రాష్ట్రంలో ఉన్న మా అక్కయ్య ఇంటికి వెళ్లాను. మేనల్లుడు డెట్రాయిట్ దగ్గర ఇంజనీరు. నాలుగేళ్ల జీతంలో మిగిల్చినదంతా పెట్టి 1970 నాటి షెవ్రొలే షెవెల్ కారు కొనాలని వాడి సంకల్పం. "ఇల్లు కొనుక్కోరా అంటే ఇనుము కొంటానంటున్నాడు. నువ్వయినా చెప్పరా తమ్ముడూ" అని అక్కయ్య భారం నా మీద వేసింది. వాడేమో, "చెప్పడం తర్వాత మామయ్యా, ముందు వచ్చి చూడు" అన్నాడు.

దారి పొడుగునా వాడు నాకు పాఠం చెప్పాడు. మధ్యతరహా కారులో పెద్ద కారుకు పెట్టే ఇంజను బిగించి, కుర్రకారు కొనగల ధరకు అమ్మడం 1960 దశకంలో అమెరికా కంపెనీలు పట్టిన దారి. 1964లో వచ్చిన పాంటియాక్ జి.టి.ఓ.ను ఈ వంశానికి మూలపురుషుడుగా చాలామంది చెబుతారు. వీటికి మజిల్ కార్లని పేరు వచ్చింది. పెరిగిన బీమా రుసుములు, పొగ నియంత్రణ చట్టాలు, 1973 నాటి చమురు సంక్షోభం కలిసి పదేళ్లు తిరిగేసరికి ఆ వైభవాన్ని ముగించాయి. మేము చూడబోయే షెవెల్‌లో ఎల్.ఎస్.6 అనే ఇంజను ఉన్నదని అమ్మకందారు చెబుతున్నాడట. 454 ఘనపు అంగుళాల పరిమాణం. కంపెనీ లెక్క ప్రకారం 450 అశ్వశక్తి.

"కారు ఎటూ అదే కదా, ఇంజను ఏదైతేనేం?" అని అడిగాను.

వాడు నవ్వాడు. ఆనాడు ఆ కార్లు కొన్న కుర్రవాళ్లు వాటిని దాచుకోవడానికి కొనలేదు. పందేలు వేశారు, ఇంజన్లు పగలగొట్టుకున్నారు, మరొకటి తెచ్చి బిగించి మళ్లీ తోలారు. అందుచేత, కర్మాగారంలో జతపడిన కారూ ఇంజనూ విడిపోకుండా మిగిలిన జంటలు నేడు అరుదు. ఇంజను మారిందని తేలితే అదే కారు వెల బాగా పడిపోతుంది. పైగా 1970 షెవెల్ చాసిస్ నంబరు చూస్తే ఎనిమిది సిలిండర్ల కారని తెలుస్తుందే గాని, అది ఎల్.ఎస్.6 అవునో కాదో తెలియదు. ఫోర్డు, పాంటియాక్ కార్లకైతే రుసుము కట్టి నాటి తయారీ వివరాల నకలు తెప్పించుకోవచ్చు. అమెరికాలో తయారైన ఈ షెవెల్‌కు అటువంటి ఆధారం లేదు. సీటు స్ప్రింగుల్లోనో పెట్రోలు ట్యాంకు మీదనో కర్మాగారపు కాగితం దొరికితే అదృష్టం. ఈ కారులో అదీ దొరకలేదు. ఇక సాక్ష్యం చెప్పవలసినది ఇంజనే.

మేనల్లుడు కుదుర్చుకొన్న పరీక్షకుడు మాకంటే ముందే వచ్చాడు. డెబ్బై ఏళ్ల మనిషి. చేతిలో టార్చి లైటు, చిన్న అద్దం, మెత్తని గుడ్డ. ఇంజను ముందు భాగంలో, కుడివైపు సిలిండర్ల మూతకు కాస్త ముందు, రెండు వేళ్ల వెడల్పు చదునైన చోటు ఉన్నది. ద్రావకంలో ముంచిన గుడ్డతో దాని మీది జిడ్డును మెల్లగా తుడిచాడు. "ఇక్కడ గరుకు కాగితం తగిలితే సాక్ష్యం చచ్చిపోతుంది" అన్నాడు.

అంకెలు బయటపడ్డాయి. మొదటి అక్షరం న్యూయార్క్ రాష్ట్రంలోని టోనావాండా ఇంజన్ల కర్మాగారానికి గుర్తు. తరువాత 0206, అంటే ఫిబ్రవరి 6న ఇంజను కూర్చారన్న మాట. ఆ వెనుక ఇంజను రకాన్ని తెలిపే అక్షరాలు. పక్కనే కారు నంబరులోని చివరి భాగం. అన్నీ కారుతో సరిపోయాయి. మేనల్లుడి ముఖం వెలిగిపోయింది.

ముసలాయన మాత్రం టార్చి పక్కకు వంచి చూస్తూనే ఉన్నాడు. ఆ ఉపరితలాన్ని కర్మాగారంలో పెద్ద యంత్రంతో ఒకే దిశలో కోస్తారట. ఆ కోత వల్ల వెంట్రుకల వంటి సన్నని సమాంతర రేఖలు నిలుస్తాయి. అంకెలు ఆ రేఖల మీద పడాలి. ఇక్కడ రేఖలు లేవు, నున్నగా ఉన్నది. "ఇంజను బాగుచేసేటప్పుడు ఉపరితలం చదును చేస్తే రేఖలు పోవచ్చు. అది తప్పు కాదు. కాని రేఖలు పోతే అంకెలూ పోవాలి గదా?" అన్నాడు.

తరువాత కారును పైకెత్తించి, స్టార్టరు దగ్గర ఇంజను పక్క గోడను అద్దంలో చూపించాడు. అక్కడ పోతలోనే ఉబ్బెత్తుగా ఏర్పడిన అక్షరాలున్నాయి. అది ఇనుము పోతపోసిన తేదీ. నెలకొక అక్షరం చొప్పున జనవరికి ఏ, ఫిబ్రవరికి బి. ఇక్కడ ఉన్నది డి, దాని పక్కన 15, ఆ పక్కన 0. అంటే 1970 ఏప్రిల్ 15.

ఫిబ్రవరిలో కూర్చిన ఇంజనుకు ఏప్రిల్‌లో ఇనుము పోశారన్న మాట!

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని నా నోట అప్రయత్నంగా వచ్చింది. అర్థం అడిగితే చెప్పాను. ముసలాయన ఎంతో సంతోషించాడు.

నాకు వెంటనే ఒక పాత సంగతి గుర్తుకు వచ్చింది. ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ ప్రేమ సానెట్లకు 1847 నాటి తొలి ముద్రణ అంటూ ఒక చిన్న పుస్తకం ఎంతో ఖరీదుకు చెలామణి అయ్యేది. 1934లో జాన్ కార్టర్, గ్రాహం పొలార్డ్ అనే ఇద్దరు పుస్తక వర్తకులు దాని కాగితాన్ని పరీక్షించారు. అందులో ఉన్న రసాయనిక కలపగుజ్జు 1847లో ఇంగ్లండు కాగితంలో వాడుకలోనే లేదు. ఆ దొంగ ముద్రణల వెనుక ఉన్నది థామస్ వైజ్ అనే సుప్రసిద్ధ పుస్తక సేకర్త అని లోకానికి తెలిసిపోయింది. పుస్తకమైనా ఇంజనైనా పైన కొట్టిన అక్షరం అబద్ధమాడగలదు; లోపలి పదార్థం ఆడలేదు.

అమ్మకందారు పాలిపోయాడు. అతడూ ఎవరి వద్దనో నమ్మి కొన్నవాడే. ముసలాయన అతడితో మృదువుగానే అన్నాడు: "ఇది మంచి ఇంజనే. ఆ రకానిదే. కాని ఈ కారుతో పుట్టినది కాదు. ఆ రోజుల్లో వారంటీ కింద ఇంజను మారిస్తే షెవ్రొలే వారు దాని మీద సి.ఇ. అని గుర్తు వేసేవారు. 'నేను మారుగా వచ్చినదాన్ని' అని అది తానే చెప్పుకొంటుంది. అటువంటిదాన్ని నేను గౌరవిస్తాను. మార్చడం నేరం కాదండీ. మార్చినదాన్ని మూలమని చెప్పడమే నేరం."

"ఇక మీదట ఈ సంగతి చెప్పి అమ్ముతారా?" అని మేనల్లుడు అడిగాడు. అతడు నేల చూపులు చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు.

ఆ మౌనం నాకు బాగా తెలిసినది. 2009లో ఒక రష్యన్ నవలను తెలుగు చేశాను. నాకు రష్యన్ రాదు. ఇంగ్లీషు అనువాదం దగ్గర పెట్టుకొని చేశాను. పుస్తకం వచ్చాక చూస్తే లోపలి పుటలో "రష్యన్ మూలం నుండి" అని అచ్చయింది. ఇంగ్లీషు అనువాదకుని పేరు ఎక్కడా లేదు. ప్రకాశకుణ్ణి అడిగితే, "అలా ఉంటే నాలుగు ప్రతులు ఎక్కువ పోతాయి లెండి" అన్నాడు. నా వంతు పది ప్రతులు తీసుకొని ఊరకున్నాను. కొన్నాళ్లకు ఒక వృద్ధ పాఠకుడు, రష్యన్ నుడికారాన్ని ఎంత చక్కగా పట్టుకొన్నారని మెచ్చుకొంటూ ఉత్తరం వ్రాశాడు. కృతజ్ఞతలు తెలుపుతూ జవాబు కూడా వ్రాశాను! నా తెలుగు చెడ్డది కాదు, ఆ ఇంజను చెడ్డది కానట్టే. దాని మీద పడిన ముద్ర అబద్ధం.

తిరుగు ప్రయాణంలో మేనల్లుడు ఏమీ మాట్లాడలేదు. ఇల్లు చేరబోతూ, "అతడు నిజం చెప్పి, దానికి తగ్గ ధర చెబితే ఇప్పుడైనా కొంటాను మామయ్యా" అన్నాడు. కొనవద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అక్కయ్య నా మీద కోపగించుకొంది.

ఇంటికి తిరిగి వచ్చిన వారానికి ప్రకాశకునికి వ్రాశాను. మలిముద్రణ వేసే ఉద్దేశం లేదని సమాధానం వచ్చింది. నా వద్ద మిగిలిన మూడు ప్రతులలో ఆ వాక్యం కొట్టివేసి, ఇంగ్లీషు అనువాదకుని పేరు నా చేతితో వ్రాశాను. ఒక ప్రతిని ఆ వృద్ధ పాఠకుని పాత చిరునామాకు పంపించాను, ఉన్న సంగతి వ్రాసిన ఉత్తరం జతచేసి.

జవాబు ఇంకా రాలేదు.